ఆస్పత్రిలో త్వరగా చెడిపోయే మందులు, సామగ్రి: స్టాక్ నిర్వహణకు సమగ్ర మార్గదర్శి

ఇన్సులిన్ వయల్ (మందు సీసా) మీద గడువు మరో ఏడాదిన్నర ఉండవచ్చు. రబ్బరు మూతలోకి మొదటి సూది దిగిన రోజు నుంచి మాత్రం దానికి మిగిలేది 28 రోజులే. అదే వయల్ ఒక్క రాత్రి ఫ్రిజ్ వెనక గోడకు ఆనుకుని గడ్డకట్టిందంటే ఇక గడువు లెక్కే లేదు, పారేయాల్సిందే. తెల్లారి కరిగాక చూస్తే కంటికి ఏ తేడా తెలియకపోవచ్చు కూడా. ఈ మూడింటిలో స్టోర్ సాఫ్ట్‌వేర్‌కు తెలిసింది డబ్బా మీద అచ్చు వేసిన తేదీ ఒక్కటే. మిగతా రెండూ మనుషులు రాసిపెడితేనే ఉంటాయి. అందుకే ఎక్స్‌పైరీ రిపోర్టు ప్రతి నెలా తీసే ఆస్పత్రుల్లో కూడా చెడిపోయిన మందు రోగి దాకా వెళ్తుంది.

ఈ వివరాలన్నీ జిల్లా కేంద్రంలోనో పెద్ద పట్టణంలోనో ఉండే 50 నుంచి 150 పడకల ప్రైవేటు ఆస్పత్రిని దృష్టిలో పెట్టుకుని రాసినవి: సొంత ఫార్మసీ, ఒక మెయిన్ స్టోర్, ఓటీ (ఆపరేషన్ థియేటర్), ఐసీయూ, లేబర్ రూమ్, క్యాజువాలిటీ, ల్యాబ్. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కొనుగోలు, ఇండెంట్ (సరుకు కోరుతూ పంపే పత్రం) రాష్ట్ర వైద్య సేవల కార్పొరేషన్ ద్వారా, ఈ-ఔషధి అనే ప్రభుత్వ మందుల సాఫ్ట్‌వేర్ ద్వారా నడుస్తాయి కాబట్టి కొనుగోలు భాగం వారికి అంతగా వర్తించదు. ఫ్రిజ్, వార్డు భాగాలు మాత్రం అందరికీ ఒకటే.

1. ముందుగా జాబితా: ఏది ఎలా చెడుతుందో

స్టోర్‌లో వెయ్యి ఐటమ్‌లు ఉంటే ఇక్కడ చెప్పే ప్రత్యేక జాగ్రత్త అవసరమయ్యేది అందులో కొన్నింటికే. ఆ కొన్నింటిని విడదీయడమే మొదటి పని. మామూలుగా వంద పడకల ఆస్పత్రిలో ఇవి ఉంటాయి.

2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాల్సినవి: ఇన్సులిన్, ఆక్సిటోసిన్, మిథైల్ ఎర్గోమెట్రిన్, కార్బోప్రోస్ట్, సక్సినైల్ కోలిన్, అట్రాక్యూరియం, రోక్యూరోనియం, లోరాజెపామ్ ఇంజెక్షన్, ఎరిత్రోపోయిటిన్, ఫిల్‌గ్రాస్టిమ్, యాంటీ-డి, టెటనస్ ఇమ్యునోగ్లోబులిన్, రేబిస్ వ్యాక్సిన్, రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్, హెపటైటిస్-బి వ్యాక్సిన్. పాముకాటు మందు ద్రవ రూపంలో ఉంటే ఫ్రిజ్‌లోకి వెళ్తుంది, పొడి రూపంలో ఉంటే గది ఉష్ణోగ్రత చాలు. ఫ్రిజ్ మీద నమ్మకం లేని చోట పొడిదే కొనడం మేలు.

గదిలోనే ఉండాలి గానీ వేడి తగలకూడనివి: 25 లేదా 30 డిగ్రీల లోపు అని రాసి ఉండేవన్నీ. వీటిని ఎవరూ పట్టించుకోరు. వేసవిలో ఎక్కువ నష్టం ఇక్కడే.

తెరిచాక గడువు మొదలయ్యేవి: మల్టీడోస్ వయల్స్ (ఒకే సీసాలోంచి పలుమార్లు తీసేవి), కంటి చుక్కలు, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు, గ్లుటరాల్డిహైడ్ (పరికరాలను క్రిమిరహితం చేసే ద్రావణం), ల్యాబ్ రీఏజెంట్లు (పరీక్షలకు వాడే రసాయనాలు).

స్టెరైల్ (క్రిమిరహిత) సామగ్రి: సూచర్లు (కుట్లు వేసే దారాలు), క్యాథెటర్లు, మెష్, స్టెంట్లు, వాక్యూటైనర్లు (రక్త నమూనా తీసే ట్యూబులు). ప్లాస్టిక్ సామానుకు గడువేమిటి అనుకుని వాక్యూటైనర్లను వదిలేస్తారు. గడువు దాటిన ట్యూబులో వాక్యూమ్ తగ్గిపోతుంది, రక్తం పూర్తిగా నిండదు. నీలి మూత సిట్రేట్ ట్యూబులో తొమ్మిది భాగాల రక్తానికి ఒక భాగం సిట్రేట్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే ద్రావణం) ఉండాలి. రక్తం తక్కువైతే సిట్రేట్ ఎక్కువై, రక్తం గడ్డకట్టే సమయాన్ని చెప్పే పీటీ, ఐఎన్‌ఆర్ పరీక్షలు లేనిపోని పెరుగుదల చూపిస్తాయి. చౌక ట్యూబు ఒకటి, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ డోసును తారుమారు చేయగలదు.

ఈ ఐటమ్‌లకు ఒక రిజిస్టరు లేదా ఎక్సెల్ షీటు పెట్టండి. ఒక్కో వరుసలో పేరు, నిల్వ ఉష్ణోగ్రత, గడ్డకడితే పాడవుతుందా, వెలుతురు పనికిరాదా, తెరిచాక ఎన్ని రోజులు, ఫ్రిజ్ బయట ఎన్ని రోజులు, డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకుంటాడా అన్నవి రాయాలి. చివరిదైన వాపసు సంగతి తప్ప మిగతావాటికి సమాధానం కంపెనీ లోపల పెట్టే కాగితంలో ఉంటుంది. ఒకే మందుకు కంపెనీని బట్టి షరతులు మారతాయి కాబట్టి బ్రాండు మారిన ప్రతిసారీ ఆ కాగితం చదవాలి. డబ్బా విప్పగానే ఆ కాగితాన్ని పారేసే అలవాటును ముందు మాన్పించాలి; ఐటమ్‌కు ఒక కాగితం ఫైలులో ఉంటే చాలు.

2. ఎంత కొనాలి

మందులు గడువు దాటేది అలమారలో అయినా, అలా జరగాలని నిర్ణయమయ్యేది మాత్రం ఆర్డరు పెట్టేటప్పుడే. రెండు లెక్కలు చేయాలి.

మొదటిది తక్కువకు హద్దు. రోజు వాడకాన్ని, సరుకు రావడానికి పట్టే రోజులు, అదనపు భద్రతకు ఉంచుకునే రోజుల మొత్తంతో గుణించాలి. ఆక్సిటోసిన్ రోజుకు 12 ఆంప్యూళ్లు వాడుతున్నారు, సరుకు 3 రోజుల్లో వస్తుంది, భద్రతకు 4 రోజులు అనుకుంటే 12 × 7 = 84. స్టాక్ 84కు దిగగానే ఆర్డరు వెళ్లాలి. సంక్రాంతికి, దసరాకు డిస్ట్రిబ్యూటర్లు వరసగా మూసేస్తారు కాబట్టి ఆ వారాల్లో భద్రత రోజులు రెట్టింపు చేయండి.

రెండోది ఎక్కువకు హద్దు. దీన్ని చాలామంది వేయరు. నెల వాడకాన్ని, మిగిలిన గడువు నెలల్లోంచి మూడు తీసేసిన సంఖ్యతో గుణించాలి. యాంటీ-డి నెలకు 2 వాడతారు, వచ్చే బ్యాచ్‌కు 10 నెలల గడువు ఉంది: 2 × (10 − 3) = 14. అప్పటికే చేతిలో ఉన్న స్టాక్‌ను ఇందులోంచి తీసేయాలి. మూడు నెలలు ఎందుకంటే వాడకం ఎప్పుడూ సగటు ప్రకారం నడవదు, పైగా వెనక్కి పంపే గడువు కూడా సాధారణంగా అక్కడే ముగుస్తుంది.

ఈ లెక్క వేయకుండా ఒప్పుకునేవే ఆఫర్లు. వందకు 20 ఉచితం అన్నారు. నెల వాడకం 9, గడువు 9 నెలలు. వాడేది 81, మురిగేది 39. అంటే వంద ఖరీదు పెట్టి 81 కొన్నట్టు. ఒక్కోటి 23 శాతం ఎక్కువ పడింది, పైగా ఆ 39ని పారేసే ఖర్చు వేరు. ఎన్టీఆర్ వైద్య సేవ, ఆరోగ్యశ్రీ కేసుల్లో ప్యాకేజీ మొత్తం ముందే ఖరారై ఉంటుంది కాబట్టి ఈ నష్టం ఏ బిల్లులోనూ కలవదు.

సగటు వాడకం అస్సలు పనికిరానివి కొన్ని ఉన్నాయి. పాముకాటు మందు నెలకు సగటున 6 వయల్స్ వాడుతున్నాం కాబట్టి 6 చాలు అనుకుంటే, వచ్చిన ఒక్క రోగికే చాలదు. మొదటి డోసే సాధారణంగా 8 నుంచి 10 వయల్స్, విషం తీవ్రతను బట్టి మళ్లీ అంతే పట్టవచ్చు. కాబట్టి దీని కనీస నిల్వను నెలల్లో కాక రోగుల్లో లెక్కించాలి: ఒక రోగికి 20, వానాకాలం పొలం పనుల రోజుల్లో ఇద్దరికి సరిపడా. గుండెపోటుకు వాడే టెనెక్టిప్లేస్, ఒక భాగాన్నే మొద్దుబార్చే (లోకల్) మత్తు మందు వికటిస్తే వాడే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఇవి అప్పుడప్పుడు వాడకుండానే గడువు దాటుతాయి. దాన్ని స్టోర్ వాళ్ల తప్పుగా లెక్కేస్తే వాళ్లు వచ్చే ఏడాది కొనడం మానేస్తారు, అసలు ప్రమాదం అదే. యాజమాన్యం వీటికి ఏటా కొంత మొత్తం ముందే కేటాయించాలి. నాలుగు నెలల గడువు మిగిలి ఉండగా మార్చి ఇచ్చేలా డిస్ట్రిబ్యూటర్‌తో రాతపూర్వకంగా ఒప్పుకోవడం ఇంకా మంచిది.

మరో మాట. గడువు దాటిన జాబితా ఏ ఆస్పత్రిలో చూసినా, వెళ్లిపోయిన డాక్టరు అడిగి తెప్పించిన బ్రాండ్లు తప్పకుండా ఉంటాయి. ఏ ఐటమ్ ఏ కన్సల్టెంట్ కోసం తెప్పిస్తున్నామో జాబితాలో రాసుకోండి. ఆయన నోటీసు ఇచ్చిన రోజే ఆ ఐటమ్‌ల కొనుగోలు ఆపి, ఉన్నవాటిని వెనక్కి పంపే పని మొదలుపెట్టాలి. ఆఖరి రోజు దాకా ఆగితే ఆలస్యమే.

3. సరుకు దించుకునేటప్పుడు

చల్లటి సరుకు వచ్చినప్పుడు ముందు ఫ్రిజ్, తరవాత కాగితాలు. చాలాచోట్ల దీనికి తలకిందులుగా జరుగుతుంది. ఇన్వాయిస్ సరిచూసి, ఎంట్రీ చేసి, సంతకాలు అయ్యేదాకా థర్మోకోల్ డబ్బా కౌంటరు మీదే ఉంటుంది.

వచ్చిన సమయం ఇన్వాయిస్ మీద రాయండి. డబ్బా తెరవగానే లోపల లాగర్ (ఉష్ణోగ్రతను నమోదు చేసే పరికరం) ఉంటే రీడింగు తీసుకోండి. లేకపోతే థర్మామీటరు మొనను మందుల పెట్టెల మధ్యకు దూర్చి చూడండి. ఇన్ఫ్రారెడ్ గన్ను అట్టపెట్టె పైభాగం ఎంత చల్లగా ఉందో మాత్రమే చెబుతుంది, లోపలి వయల్ సంగతి దానికి తెలియదు. ఐస్ ప్యాక్ కరిగిపోయిందా అని అందరూ చూస్తారు. గడ్డగా ఉన్న ప్యాక్ నేరుగా మందుల పెట్టెకు అంటుకుని ఉందా అనేది కూడా చూడాలి. హెపటైటిస్-బి, టీడీ, పెంటావాలెంట్ వంటి వ్యాక్సిన్లకు, ఇన్సులిన్‌కు వేడి కంటే గడ్డకట్టడమే పెద్ద ముప్పు. ప్యాక్‌ను ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాలి, ఆ స్థితికి వచ్చాకే సరుకు మధ్య పెట్టాలి. మీ దగ్గర నుంచి వేరే బ్రాంచికి పంపేటప్పుడూ ఇదే నియమం.

తరవాత చూడాల్సినవి: ఇన్వాయిస్‌లోని బ్యాచ్ నంబరు, గడువు డబ్బా మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా, ఒకే ఇన్వాయిస్‌లో రెండు బ్యాచ్‌లు వచ్చాయా. రెండొస్తే రెండుగానే ఎంట్రీ చేయాలి. కంప్యూటర్లో ఒకటే బ్యాచ్ కనిపించి అలమారలో రెండు ఉంటే, ముందుగా గడువు దాటే బ్యాచ్ రిపోర్టుల్లో ఎప్పటికీ కనపడదు.

మందుల మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే మన దేశ నిబంధనల ప్రకారం ఆ నెల చివరి రోజు దాకా వాడవచ్చు. ల్యాబ్ కిట్ల మీద, డివైస్‌ల మీద కచ్చితమైన తేదీ ఉంటుంది. దిగుమతి కిట్ల మీద 05-06 అని ఉంటే అది మే 6వ తేదీనా, జూన్ 5వ తేదీనా అన్నది కాగితంలో చూసి తేల్చుకోవాలి. అమ్మకాల్లో ముందున్న 300 బ్రాండ్ల మీద 2023 ఆగస్టు 1 నుంచి తయారైన బ్యాచ్‌లకు క్యూఆర్ లేదా బార్ కోడ్ తప్పనిసరి. అందులో బ్యాచ్, తయారీ తేదీ, గడువు అన్నీ ఉంటాయి. సాఫ్ట్‌వేర్ దాన్ని చదవగలిగితే చేత్తో కొట్టే తప్పులు తప్పుతాయి.

పర్చేజ్ ఆర్డరులోనే ఒక వాక్యం ఉండాలి: సరుకు దిగేనాటికి ఇన్ని నెలల గడువు మిగిలి ఉండాలి. వేగంగా కదిలేవాటికి 6, నెమ్మదిగా కదిలేవాటికి 12 అడగవచ్చు. తక్కువ గడువుతో వస్తే స్టోర్ ఇన్‌చార్జి ఒక్కరే ఒప్పుకోకూడదు. ఫార్మసిస్టు పైన చెప్పిన ఎక్కువ హద్దు లెక్క వేసి, అయిపోయేంత మాత్రమే తీసుకోవాలి.

4. ఫ్రిజ్

స్థోమత ఉంటే ఫార్మసీ ఫ్రిజ్ కొనండి. వ్యాక్సిన్లు ఎక్కువగా ఉండి కరెంటు నమ్మకం లేని ఊరైతే ఐస్-లైన్డ్ రిఫ్రిజిరేటర్ (గోడల్లో ఐస్ పొర ఉండే ఫ్రిజ్) తీసుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం ఉన్నవి బయట 43 డిగ్రీలు ఉన్నా కరెంటు లేకుండా కనీసం 20 గంటలు లోపలి చల్లదనం నిలుపుతాయి. ఇంట్లో వాడే ఫ్రిజ్ తప్పనిసరైతే ఫ్రీజర్, ఫ్రిజ్ విడివిడి తలుపులున్నదే వాడాలి. ఒకే తలుపు వెనక ఫ్రీజర్ ఉండే చిన్న ఫ్రిజ్‌లో ఒక మూల సున్నా కిందికి, మరో మూల పది పైకి పోతుంది.

సర్దడం ఇలా: తలుపు అరల్లో మందులు పెట్టకూడదు, అక్కడ నీళ్ల సీసాలు పెట్టండి. అడుగున కూరగాయల ట్రే ఉంటే తీసేసి అక్కడ కూడా నీళ్ల సీసాలు పెట్టాలి. కరెంటు పోయినప్పుడు చల్లదనాన్ని కాసేపు పట్టి ఉంచేవి ఇవే. మందులు మధ్య అరల్లో, వెనక గోడకు నాలుగు వేళ్లు ఎడంగా, చల్లగాలి వచ్చే రంధ్రానికి ఎదురుగా లేకుండా ఉండాలి. చిల్లులున్న ప్లాస్టిక్ బుట్టల్లో పెడితే గాలి తిరుగుతుంది. మిథైల్ ఎర్గోమెట్రిన్ లాంటి వెలుతురు పడనివాటిని అట్టపెట్టెలోంచి తీయకూడదు. కుక్కి నింపకండి. సిబ్బంది టిఫిన్ బాక్సు, పెరుగు, రక్త నమూనాలు ఇందులోకి రాకూడదు. తిండి పెట్టుకోవడానికి వేరే ఫ్రిజ్ ఇవ్వకుండా ఈ నియమం పెడితే ఎవరూ పాటించరు.

థర్మామీటరు ప్రోబ్ (కొలిచే మొన) గాలిలో వేలాడకూడదు. గ్లైకాల్ నింపిన చిన్న సీసాలో పెట్టి, మందుల మధ్య ఉంచాలి. అప్పుడు తలుపు తెరిచినప్పటి గాలి కాకుండా వయల్ లోపలి వేడి ఎంతో తెలుస్తుంది. రోజుకు రెండుసార్లు, ఆదివారంతో సహా, అప్పటి ఉష్ణోగ్రతతో పాటు గరిష్ఠం, కనిష్ఠం కూడా రాసి రీసెట్ చేయాలి. ఉదయం 9కి 5 డిగ్రీలు ఉందంటే రాత్రి 2కి మైనస్ ఒకటి కాలేదని అర్థం కాదు. అది చెప్పేది కనిష్ఠం గడి. నెలంతా 4.0, 4.0 అని ఒకే పెన్నుతో నిండిన లాగ్‌బుక్ కనిపిస్తే అది చివరి రోజు కూర్చుని రాసిందే. పది నిమిషాలకోసారి నమోదు చేసే డాటా లాగర్, 2 కింద 8 పైన ఫోన్‌కు అలారం పంపేది, ఖరీదైన రెండు మూడు ఇంజెక్షన్ల ధరలో వచ్చేస్తుంది. అలారం స్టోర్ నంబరుకు కాకుండా రాత్రి డ్యూటీలో ఉండే మనిషికి వెళ్లాలి. ఏడాదికోసారి క్యాలిబ్రేషన్ (రీడింగు సరిగా ఉందో లేదో సరిచూడటం) చేయించండి.

ప్లగ్గు సంగతి చిన్నదే, అయినా సరుకు పాడయ్యే కారణాల్లో ముందు వరుసలో ఉంటుంది. ఫ్రిజ్ సాకెట్ జనరేటర్ లైన్లో ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉండకూడదు, స్విచ్ మీద టేపు అంటించి "ఆపకూడదు" అని తెలుగులో పెద్దగా రాయాలి. తుడిచే యంత్రానికో, ఫోన్ ఛార్జరుకో ఎవరో పీకి మళ్లీ పెట్టడం మరచిపోతారు. స్టెబిలైజర్ తప్పనిసరి.

రక్తం దారి పూర్తిగా వేరు. దానికి లైసెన్సు లేదా అనుమతి ఉన్న నిల్వ కేంద్రం, బ్లడ్ బ్యాంక్ ఫ్రిజ్ కావాలి. ప్యాక్డ్ సెల్స్ (విడదీసిన ఎర్రకణాలు) 2–6 డిగ్రీల్లో, సీపీడీఏ అనే నిల్వ ద్రావణం ఉన్న సంచిలో 35 రోజులు, ఎస్‌ఏజీఎం అనే అదనపు ద్రావణం కలిపితే 42 రోజులు. ప్లేట్‌లెట్లు 20–24 డిగ్రీల్లో ఊగుతూ 5 రోజులు, ఫ్రిజ్‌లో పెడితే పాడైనట్టే. వార్డుకు తీసుకెళ్లిన ప్యాక్డ్ సెల్స్ ఎక్కించకపోతే 30 నిమిషాల్లోపు వెనక్కి రావాలి. వార్డు ఫ్రిజ్‌లో దాచి, తీరిగ్గా పంపిస్తే తీసుకోకూడదు.

5. గది

రామగుండం, ఖమ్మం, రెంటచింతల వైపు మే నెలలో బయట 45 దాటే రోజులుంటాయి. స్టోర్‌లో ఏసీ ఉంటుంది. రాత్రి ఎనిమిదింటికి తాళం వేస్తూ ఏసీ కూడా ఆపేస్తారు, పొదుపు కోసం. పైఅంతస్తులో స్లాబు కింద ఉన్న గది అయితే రాత్రంతా 35 కిందికి దిగదు. "30 డిగ్రీల లోపు" అని రాసిన మందులు నెలన్నర పాటు రోజుకు పన్నెండు గంటలు ఆ వేడిలో ఉడుకుతాయి. రెండు ఏసీలు టైమరు పెట్టి మార్చి మార్చి నడపడం దీనికి విరుగుడు. గదిలో కూడా గరిష్ఠ-కనిష్ఠ థర్మామీటరు ఉండాలి, తలుపు దగ్గర కాక అన్నిటికంటే పై అరలో. సూచర్లు, గ్లూకోమీటర్ స్ట్రిప్పులు, క్యాప్సూళ్లు కింది అరల్లోకి మార్చండి. సెలైన్ పెట్టెలు నేల మీద కాక ప్యాలెట్ల మీద, గోడకు ఎడంగా పెట్టాలి.

6. అలమార నుంచి వార్డుకు

ముందు వచ్చింది ముందు కాదు, ముందు గడువు దాటేది ముందు వెళ్లాలి. కొత్త సరుకుకు ఎప్పుడూ ఎక్కువ గడువు ఉంటుందన్న భరోసా లేదు. కొత్తది వచ్చినప్పుడు గడువు చూసి, ముందు దాటేదాన్ని ముందుకు లాగి మిగతాదాన్ని వెనక పెట్టడం స్టోర్ బాయ్ పని. సాఫ్ట్‌వేర్ బ్యాచ్‌ను తానే ఎంచుకునేలా సెట్ చేసినా, చేతికి అందిన డబ్బా వేరే బ్యాచ్‌ది కావచ్చు. అలా బిల్లులో ఒకటి, చేతిలో ఒకటి వెళ్తే మూడు నెలల్లో కంప్యూటర్ స్టాక్‌కు అలమారకు సంబంధం ఉండదు. స్కానింగ్ లేకపోతే ఇష్యూ చేసేటప్పుడు బ్యాచ్ నంబరు చివరి మూడంకెలు పైకి చదివించండి.

స్టిక్కర్లు రెండు రంగులు చాలు: ఆరు నెలల్లోపు గడువుంటే పసుపు, మూడు నెలల్లోపుంటే ఎరుపు. నాలుగైదు రంగులు పెడితే ఎవరికీ గుర్తుండవు.

వార్డు నుంచి, డిశ్చార్జి అయిన రోగుల నుంచి వెనక్కి వచ్చే మందుల్లో చల్లటివి ఏవీ స్టాక్‌లోకి తీసుకోకూడదు. ఆ పూటంతా అవి మంచం పక్క డ్రాయరులో ఉన్నాయో, ఫ్రిజ్‌లో ఉన్నాయో చెప్పేవాళ్లు లేరు. బిల్లింగ్ కౌంటరు దగ్గర గొడవ వస్తుంది కాబట్టి, చల్లటి మందులు రోజు డోసుకు సరిపడా మాత్రమే ఇష్యూ చేస్తే వాపసు ప్రశ్నే తగ్గుతుంది.

7. వార్డు స్టాకు

మెయిన్ స్టోర్ ఎంత బాగా నడిచినా గడువు దాటిన ఇంజెక్షన్ దొరికేది క్రాష్ కార్ట్ (అత్యవసర మందుల ట్రాలీ) మూడో డ్రాయరులో, ఓటీ అల్మారాలో, లేబర్ రూమ్ ట్రేలో. స్టోర్ లెక్క ప్రకారం అవి ఇష్యూ అయిపోయాయి, ఎవరి రిపోర్టులోనూ లేవు. మొదటి దిద్దుబాటు: వార్డు స్టాకును కూడా సాఫ్ట్‌వేర్‌లో ఒక సబ్-స్టోర్‌గా చూపించాలి. రెండోది: ప్రతి వార్డుకు ఐటమ్ వారీగా గరిష్ఠ సంఖ్య నిర్ణయించి అలమార తలుపుకు అంటించాలి. "ఉంటే మంచిది కదా" అని సిస్టర్లు దాచుకోవడానికి కారణం రాత్రిపూట స్టోర్ తెరవకపోవడమే. రాత్రి ఇష్యూకు ఏర్పాటు చేస్తే ఆ దాపరికం దానంతటదే తగ్గుతుంది.

క్రాష్ కార్ట్‌కు నంబరున్న ప్లాస్టిక్ సీలు వేయండి. సీలు పగలనంత కాలం రోజూ నంబరు చూస్తే సరిపోతుంది. లోపల అన్నిటికంటే ముందు గడువు దాటే ఐటమ్ పేరు, తేదీ బయట కార్డు మీద రాసి ఉండాలి. ఆ తేదీకి నెల ముందే కార్ట్ తెరిచి ఆ ఒక్కటి మార్చాలి. మార్చి తీసినదాన్ని రోజూ వాడకం ఉండే క్యాజువాలిటీకి ఇస్తే అది వృథా కాదు.

సక్సినైల్ కోలిన్, అట్రాక్యూరియం మత్తు డాక్టరు ట్రాలీలోకి రాగానే గడువు మారుతుంది. ఫ్రిజ్ బయటికి తీసిన తేదీ, పారేయాల్సిన తేదీ రెండూ స్టిక్కరు మీద రాయాలి. ఎన్ని రోజులన్నది ఆ బ్రాండు కాగితం ప్రకారం. సాయంత్రం మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన పాత గడువు తిరిగి రాదు. లేబర్ రూమ్‌లో ఆక్సిటోసిన్ ఉదయం నుంచి ట్రేలో పడి ఉంటే బలం తగ్గుతుంది. ఆ సంగతి బయటపడేది కాన్పు తరవాత రక్తస్రావం ఆగనప్పుడు. ఫ్రిజ్ అక్కడే ఉండాలి, కాన్పుకు కాన్పుకు విడిగా తీయాలి.

తెరిచిన వాటికి సాధారణంగా పాటించే గడువులు ఇవి, కంపెనీ వేరేగా చెబితే దానిదే పైమాట:

- మల్టీడోస్ వయల్స్, ఇన్సులిన్: 28 రోజులు
- కంటి చుక్కలు: నాలుగు వారాలు
- బీసీజీ, ఎంఆర్ వ్యాక్సిన్ కలిపాక: 4 గంటలు
- రేబిస్ వ్యాక్సిన్ చర్మంలోకి ఇచ్చేందుకు కలిపాక: 2–8 డిగ్రీల్లో 6 నుంచి 8 గంటలు
- యాక్టివేట్ చేసిన 2 శాతం గ్లుటరాల్డిహైడ్: 14 రోజులు, ఈలోపు స్ట్రిప్ పరీక్షలో బలం తగ్గితే అప్పుడే
- పలచన చేసిన హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం): ఏ రోజుది ఆ రోజే
- సింగిల్ డోస్ ఆంప్యూల్: తెరిస్తే అప్పుడే వాడాలి, మిగిలింది పారేయాలి

వయల్ మీద "తెరిచింది 12వ తేదీ" అని మాత్రమే రాస్తే తరవాతి షిఫ్టు వాళ్లు లెక్క వేసుకోరు. "9వ తేదీ తరవాత వాడొద్దు" అని పారేసే తేదీ రాయించండి. రేబిస్ ఇంజెక్షన్ రోగులను వారంలో నిర్ణీత రోజుల్లో ఒకే పూట రమ్మంటే వయల్ వృథా తగ్గుతుంది. కాటు పడిన మొదటి రోజు డోసుకు మాత్రం ఈ వాయిదా పనికిరాదు.

ల్యాబ్‌లో కిట్ సైజు చూడండి. వంద టెస్టుల కిట్ మెషీన్‌లో పెట్టాక 28 రోజులే నిలుస్తుందనుకోండి, రోజుకు రెండు టెస్టులు చేస్తే వాడేది 56, పారేది 44. టెస్టుకు రేటు ఎక్కువున్నా 50 టెస్టుల కిట్టే చౌక. స్టెంట్లు, ఇంప్లాంట్లు కన్‌సైన్‌మెంట్ మీద (వాడినదానికే డబ్బిచ్చే పద్ధతిలో) వస్తే, సరుకు కంపెనీదే కాబట్టి గడువు చూసే బాధ్యతా వాళ్లదే అనుకుంటారు. ఆపరేషన్ టేబుల్ మీద వాడేది ఆస్పత్రి కాబట్టి ప్రతి నెలా ఆస్పత్రే చూసుకోవాలి.

8. కరెంటు పోయినా, అలారం మోగినా

తలుపు తెరవకండి. లోపల ఎంత ఉందో లాగర్ చూసి తెలుసుకోండి. 8 దాటేలా ఉంటే వేరే ఫ్రిజ్‌కు, అది లేకపోతే నీళ్ల చప్పుడు వచ్చే ఐస్ ప్యాకులున్న కోల్డ్ బాక్సుకు మార్చాలి. ఎక్కడికి మార్చాలో, తాళం ఎవరి దగ్గర ఉందో ఫ్రిజ్ తలుపు మీదే రాసి ఉండాలి.

హద్దు దాటిన సరుకును వెంటనే పారేయకూడదు, వెంటనే వాడకూడదు కూడా. "విచారణలో ఉంది, వాడొద్దు" అని చీటీ పెట్టి, 2–8లోనే విడిగా ఉంచాలి. ఐటమ్ వారీగా బ్యాచ్, చేరిన గరిష్ఠ లేదా కనిష్ఠ ఉష్ణోగ్రత, ఎన్ని నిమిషాలు అన్నది రాసి కంపెనీని అడగాలి. 10 డిగ్రీల్లో రెండు గంటలు తట్టుకునే మందులు చాలానే ఉంటాయి. గడ్డకట్టిన ఇన్సులిన్‌కు, హెపటైటిస్-బి వ్యాక్సిన్‌కు మాత్రం మినహాయింపు లేదు. జవాబు మాటల్లో కాక రాతలో తీసుకోండి. ఒకసారి వేడి తగిలి బయటపడ్డ బ్యాచ్ మీద గుర్తు పెట్టాలి, రెండోసారి తగిలితే లెక్క కలుస్తుంది. ప్రభుత్వ సరఫరా వ్యాక్సిన్ల వయల్ మీద వీవీఎం (వేడి తగిలితే రంగు మారే గుర్తు) ఉంటుంది: లోపలి చతురస్రం బయటి వలయం కంటే లేతగా ఉంటేనే వాడాలి. అది వేడిని మాత్రమే చూపిస్తుంది, గడ్డకట్టడాన్ని చూపించదు.

9. నెలవారీ వరుస

ప్రతి నెలా మొదటి వారంలో ఆరు నెలల్లోపు గడువున్న జాబితా తీయండి, వార్డు స్టాకుతో కలిపి. ఒక్కో ఐటమ్‌కు నెల వాడకం పక్కన రాస్తే ఏది మిగిలిపోతుందో అక్కడే తెలిసిపోతుంది. మిగిలేవాటికి మాత్రమే పని: వాడకం ఎక్కువున్న వార్డుకు మార్చడం, బ్రాంచికి పంపడం, ఆ మందు రాసే డాక్టర్లకు తెలియజేయడం, డిస్ట్రిబ్యూటర్‌కు వాపసు. వాపసు గడువులు కంపెనీకి కంపెనీకి మారతాయి, మూడు నెలల ముందు పంపితే చాలామంది తీసుకుంటారు. చల్లటి మందులను మీరు ఎలా ఉంచారో వాళ్లకు తెలియదు కాబట్టి సాధారణంగా తీసుకోరు. అందుకే వాటి ఆర్డరు చిన్నదిగా, తరచుగా ఉండాలి. పంపిన వాపసుకు క్రెడిట్ నోటు వచ్చిందా అన్నది ప్రత్యేకంగా చూసుకునే మనిషి ఒకరుండాలి. సరుకు వెళ్లిపోయి డబ్బు రాని కేసులు నిశ్శబ్దంగా పేరుకుపోతాయి.

గడువు దాటినవి అమ్మకపు స్టాకుతో కలిపి ఉండకూడదు. వాపసు కోసం ఆగుతున్నవైతే విడిగా, పెట్టె పైన "అమ్మకానికి కాదు" అని స్పష్టంగా రాసి ఉండాలని డ్రగ్స్ రూల్స్ చెబుతున్నాయి. తాళం వేసి ఉంచడం మంచిది. వాపసు కానివి 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం పసుపు విభాగంలోకి వస్తాయి. క్యాన్సర్ మందులను సైటోటాక్సిక్ (కణాలకు హానికరం) అని గుర్తు వేసి విడిగా ఇవ్వాలి, అవి 1200 డిగ్రీలకు పైన కాలాలి. మామూలు చెత్తలో లేబుల్‌తో సహా పడేసిన వయల్ తిరిగి బజారుకు చేరే ప్రమాదం ఉంది కాబట్టి అప్పగించేటప్పుడు ఐటమ్, సంఖ్య, బ్యాచ్ రాసి ఇద్దరి సంతకాలు తీసుకోండి.

లెక్కల్లోంచి తీసేసి పారేసిన ప్రతిదానికీ రిజిస్టరులో కారణం గడి ఉండాలి: ఎక్కువ కొన్నాం, డాక్టరు మారారు, తక్కువ గడువుతో దింపుకున్నాం, వార్డులో మరచిపోయారు, ఫ్రిజ్ పాడైంది, తెరిచాక మిగిలింది, అత్యవసరానికి ఉంచింది వాడకం రాలేదు. "ఎక్స్‌పైర్ అయింది" అన్నది కారణం కాదు, దాన్ని రాయనివ్వకండి. మూడు నెలలకోసారి కారణాల వారీగా రూపాయలు కూడి కొనుగోలు కమిటీ ముందు పెడితే, వచ్చే మూడు నెలల్లో స్టోర్‌ను దిద్దాలా, వార్డునా, ఆర్డరు పెట్టేవాళ్లనా అన్నది అక్కడే తేలిపోతుంది.